పెద్ద కుక్కల మోచేతుల మీద కాయలు: ముదరకుండా ఏం చేయాలి?

గ్రేట్ డేన్, రాట్‌వీలర్, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, ఏ జాతైనా సరే. బరువు 30 కిలోలు దాటిన కుక్క రోజంతా గ్రానైట్ మీదో నాపరాళ్ల మీదో పడుకుంటే మోచేతులు కాయలు కాస్తాయి. అక్కడ ఎముక మొన మీద చర్మమే తప్ప కండా కొవ్వూ దాదాపు ఉండవు. ఆ ఒత్తిడి తట్టుకోవడానికి చర్మం మందమవుతుంది, వెంట్రుకలు ఊడి బూడిదరంగుకు తిరుగుతుంది.

పొడిగా, గట్టిగా, పగుళ్లు లేకుండా ఉన్న కాయ జబ్బు కాదు. దాన్ని తీసేయాలని చూడొద్దు. పగలకుండా చూసుకుంటే చాలు.

1. ముందు పడక మార్చండి

కుక్క కాళ్లు చాపుకుని పడుకున్నా బయటికి రానంత పొడవు, వెడల్పు ఉండాలి. ఫోమ్ అయితే 40 డెన్సిటీది, 4 అంగుళాల మందం. దాని మీద మోకాలు ఆనించి బరువంతా వేయండి. నేల తగిలితే ఆ పరుపు పనికిరాదు. పైన ఉతుక్కునే కాటన్ గలేబు వేయండి.

ఏప్రిల్, మే నెలల్లో ఏ కుక్కా ఫోమ్ మీద ఉండదు, లేచి చల్లటి బండ మీదికే పోతుంది. మెమరీ ఫోమ్ మరీ వేడి, ఎంత ఖరీదు పెట్టి కొన్నా అంతే. మన ఎండలకు నవారు మంచమే సరైనది. కింద నుంచి గాలి ఆడుతుంది, మోచేయి మొనకు గట్టిది ఏదీ తగలదు. కాళ్లు కోయించి 6 నుంచి 8 అంగుళాల ఎత్తుకు తెచ్చి, పైన మడత పెట్టిన బొంత వేయండి. నులక మంచం వద్దు, ఆ తాడు మోచేతులను ఒరిపిడి పెడుతుంది. నవారు సాగి మధ్యలో నేలకు ఆనుతుంటే బిగించండి. మంచం మీకు నచ్చిన మూల కాదు, కుక్క ఇప్పటికే పడుకునే చోట, ఫ్యాను కింద వేయండి.

2. బరువు తగ్గించండి

పక్కటెముకలు చేతికి తేలిగ్గా తగలాలి. ముసలి కుక్కలు, తుంటి నొప్పి ఉన్నవి మెల్లగా వంగలేక దబ్బున కూలబడతాయి, మోచేయి నేలకు కొట్టుకుంటుంది. వాటికి నొప్పి సంగతి కూడా పశువైద్యుడికి చూపించాలి.

3. పగిలిన కాయ: ఇక్కడే అందరూ చెడగొట్టేది

వారానికి రెండుసార్లు వెలుతురులో కూర్చుని రెండు మోచేతులూ వేలితో తడిమి చూడండి. సన్నటి పొడి పగులు మాత్రమే ఉంటే ఇంట్లో చూసుకోవచ్చు. అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ముప్పావు టీస్పూను ఉప్పు కలిపి, దూదితో కాదు, మెత్తటి గుడ్డతో తుడవండి. దూది పోగులు పగుల్లో ఇరుక్కుంటాయి. అద్ది పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత బఠాణీ గింజంత తెల్లటి పెట్రోలియం జెల్లీ, లేదా రెండు చుక్కల కొబ్బరినూనె, రోజుకు ఒక్కసారి. రాయగానే 15 నిమిషాలు నడిపించండి, లేకపోతే నాకేస్తుంది. పగులు మూసుకోగానే ఆపేయండి.

ఎక్కువ రాస్తే తొందరగా తగ్గుతుందనుకోవడమే పెద్ద పొరపాటు. తెగ నానిన కాయ మెత్తబడి, బండకు ఒరుసుకుని చీలుతుంది. ఆ చీలికలోంచి క్రిములు లోపలికి పోతాయి. పసుపు ముద్ద పట్టించినా మేలు లేదు: అది పెచ్చు కట్టి, కింద చీము పట్టిందో లేదో కనబడనివ్వదు.

బ్లేడు, ప్యూమిస్ రాయి ముట్టుకోవద్దు. మనుషుల ఆనెలకు అంటించే పట్టీల్లో ఉండే శాలిసిలిక్ యాసిడ్ చర్మాన్ని కొరికేస్తుంది, నాకితే కడుపులోకీ పోతుంది. జింక్ ఆక్సైడ్ క్రీములు, డైక్లోఫెనాక్ జెల్, టీ ట్రీ ఆయిల్ కుక్కలకు విషమే. సోరియాసిస్‌కు వాడే కాల్సిపోట్రయాల్ క్రీమ్ కొద్దిగా నాకినా ప్రాణం మీదికొస్తుంది.

కాయలో నల్లటి చుక్కలు, లోపలికి పెరిగిన వెంట్రుకలు కనిపిస్తే పిండకండి. పిండితే అవి చర్మం కిందే పగిలి వాపు ఇంకా లోతుకు పోతుంది. చీము, రక్తం, వాసన, వేడి, కుంటడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. యాంటీబయాటిక్ వారాల తరబడి పడొచ్చు. పైకి మానినట్టుందని మధ్యలో ఆపొద్దు.

మోచేతి మీద మెత్తగా, నీళ్ల సంచిలా వాపు వస్తే అది కాయ కాదు, హైగ్రోమా. సూదితో గుచ్చి నీళ్లు తీయకండి. మళ్లీ నిండుతుంది, పైగా లోపల చీము పడుతుంది. చిన్నదైతే మెత్తటి పడకతోనే చాలావరకు తగ్గుతుంది. ఆపరేషన్ వేరే దారి లేనప్పుడే: ఎప్పుడూ వంగుతూ, ఒత్తుకుంటూ ఉండే ఆ చోట కుట్లు తేలిగ్గా మానవు.

4. మోచేతి తొడుగులు

పడక మీద ఎంత చెప్పినా నిలవని కుక్కకు మాత్రమే ఇవి. తొడుగు కింద రెండు వేళ్లు దూరాలి. రోజూ కొన్ని గంటలు విప్పి, చర్మం తడిసిందేమో, పాదం ఉబ్బిందేమో చూడండి. పగుళ్లున్న కాయ మీద తొడగొద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. పడక మార్చాక కాయ పలచబడడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పాత కాయల మీద వెంట్రుకలు తిరిగి రాకపోయినా కంగారు పడక్కర్లేదు.