వేరే ఇంటికి పంపే ఈఎస్‌పీ32 బోర్డులో వైఫైని ముందే అమర్చుకోవడం

ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న, ప్రోగ్రామ్ ఎక్కించుకునే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు)తో చేసి, మన ఇంట్లో చక్కగా పనిచేసిన ట్యాంకు నీటిమట్టం పరికరం అత్తగారింట్లో బిగించగానే వైఫై అందుకోదు, ఎందుకంటే దాని ప్రోగ్రామ్‌లో మన వైఫై పేరే ఉంటుంది. ల్యాప్‌టాప్ మోసుకెళ్లి ప్రోగ్రామ్ మళ్లీ ఎక్కించవలసి వస్తుంది. అందుకు బదులు వైఫైమల్టీ (WiFiMulti) లైబ్రరీ, అంటే పలు వైఫైలను ప్రయత్నించే సిద్ధ కోడ్ వాడి, ఒక్కో వైఫై పేరు, పాస్‌వర్డ్ చేర్చే యాడ్‌ఏపీ (addAP) వరుసలు ప్రోగ్రామ్‌లో మూడు రాయండి: మన వైఫై, ఆ ఇంటి వైఫై, మన ఫోన్ హాట్‌స్పాట్. వాటిలో అందుబాటులో ఉన్నదానికి బోర్డు తానే కలుస్తుంది. ఆ ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ ఫోన్లో చెప్పించుకోకుండా వాట్సాప్‌లో టైపు చేయించుకుని యథాతథంగా అతికించండి, ఎందుకంటే పెద్ద, చిన్న ఇంగ్లిషు అక్షరాల తేడా, చివర మిగిలిన ఖాళీ సైతం లెక్కలోకి వస్తాయి. పంపేముందు మన రౌటర్ ఆపి, హాట్‌స్పాట్‌కు తాత్కాలికంగా ఆ ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టి పరీక్షించడం తప్పనిసరి. మామూలు ఈఎస్‌పీ32కు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు కనుక, ఆ ఇంటి రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే నడుస్తుంటే ఈ పద్ధతి పనిచేయదు.