సంచి ఉన్నోళ్లు ఎండాకాలంలో రక్తం గోలీలు మింగే ముందు

ఎండాకాలం వస్తే వరంగల్, రామగుండం వైపు వడగాలుల హెచ్చరికలు మొదలవుతాయి. పేగు ఆపరేషన్ అయ్యాక మలం బయటికి రావడానికి కడుపు మీద సంచి ఉన్నవాళ్లు ఈ రెండు నెలల నీరసాన్నంతా ఎండ ఖాతాలోనే వేస్తారు. షాపులో నీరసమని చెప్పగానే ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన ఎర్ర గోలీల షీటు చేతికొస్తుంది. కొంప మునిగేది అక్కడే.

టైఫాయిడ్‌కు పేగు చిల్లుపడినా, పేగు టీబీ అయినా ఎక్కువగా కోసేది చిన్నపేగు చివరి భాగాన్నే. రక్తానికి, నరాలకు కావాల్సిన విటమిన్ బీ12 ఒంటికి పట్టేదీ అక్కడే. 60 సెంటీమీటర్లకు మించి తీసేస్తే జీవితాంతం బీ12 సూది తప్పదు. కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి రెండు మూడేళ్ల దాకా ఏమీ తెలియకపోవచ్చు. ఈలోగా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మింగితే హిమోగ్లోబిన్ పెరుగుతుంది, నరాలు మాత్రం చెడిపోతూనే ఉంటాయి. అరికాళ్లు మొద్దుబారతాయి, చీకట్లో అడుగు తూలుతుంది, చెప్పు జారిపోయినా తెలియదు. ఆలస్యమైతే పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. బీ12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టొద్దు.

డిశ్చార్జి కాగితం తీయండి. ఏ పేగు, ఎంత పొడవు తీశారో చూడండి. రాసిలేకపోతే సర్జన్‌నే అడగండి. పెద్దపేగు సంచే ఉండి, చిన్నపేగు ముట్టకపోతే ఈ భయం తక్కువ.

రక్తపరీక్ష బీ12 సూదికి ముందే చేయించుకోండి. సూది తర్వాత బీ12 అంకె ఎక్కువ చూపిస్తుంది. ఐరన్, బీ12 రెండూ తగ్గితే ఎర్రకణాల సైజు నార్మల్‌గానే రావొచ్చు, చూసి మురవొద్దు. ఫెరిటిన్ (ఐరన్ నిల్వ చెప్పేది), మెగ్నీషియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) పరీక్షలు కూడా రాయించుకోండి. ఐరన్ గోలి చాయ్‌తో మింగొద్దు. కాల్షియం గోలి వేరే పూటకు. పైపూత గోలీలు చిన్నపేగు సంచిలోకి చెక్కుచెదరకుండా వచ్చేయొచ్చు; ఖాళీ చేసేటప్పుడు గోలి కనబడిందంటే మందు ఒంటికి పట్టకపోయి ఉండొచ్చు, డాక్టరుకు చెప్పి మార్పించండి. ఐరన్‌కు మలం నల్లబడుతుంది. తారులా జిగటగా, కంపుగా వస్తే అది రక్తం, ఆస్పత్రికి పొండి. స్టోమా (కడుపు మీదికి తెచ్చిన పేగు నోరు) తుడిస్తే చుక్క రక్తం మామూలే, లోపలి నుంచి కారితే కాదు. సంచిలోకి వచ్చేది రోజుకు లీటరున్నర దాటితే ఉత్త నీళ్లు దండిగా తాగొద్దు, ఒంట్లో ఉప్పు ఇంకా పోతుంది. లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే, మొత్తం కలపండి. బీపీ, కిడ్నీ మందులుంటే ఉప్పు సంగతి అడిగి మొదలుపెట్టండి. పిక్కలు పట్టేస్తే మెగ్నీషియం పరీక్ష చేయించండి. మూత్రం తగ్గితే ఇంట్లో కూర్చోవద్దు.

ఫోలిక్ కంటే ముందు బీ12. డాక్టరు చెప్పిన సూది తేదీ సంచుల పెట్టె మూత మీద రాయండి, రోజూ చేయి పడేది అక్కడే. ఎండలు తగ్గినంక వేయించుకుందామని వాయిదా వేయొద్దు.