చిప్పు దొరికిందని సంబరపడే ముందు

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లోకి మిర్చి టిక్కీలు ఎక్కే రోజులు దగ్గరపడ్డాయి. టెంపరేచర్ అలారం బోర్డులు, మోటారు స్టార్టర్ బోర్డులు చేసే మనలాంటి చిన్నవాళ్లకు ఆర్డర్లు వచ్చేదీ ఇప్పుడే, ఐసీలు, అంటే చిప్పులు, దొరకనిదీ ఇప్పుడే. మొన్న విజయవాడ ఆటోనగర్‌లో మా పక్క షెడ్డాయన 300 బోర్డులు వెనక్కి తెచ్చుకున్నాడు. బెంచి మీద అన్నీ బాగానే పనిచేశాయి. బిగించిన రెండో వారం నుంచి ఒక్కొక్కటే తప్పు రీడింగ్ చూపించింది. ఐసీ మీద పేరు ఒకటి, లోపల సరుకు ఇంకొకటి. అమ్మినవాడి ఫోను స్విచ్ ఆఫ్.

కొరత ఎందుకొస్తుందో మన చేతిలో లేదు. 2021 మార్చిలో జపాన్‌లో రెనెసాస్ వారి నాకా చిప్పుల ఫ్యాక్టరీ తగలబడితే ఆ సెగ ఇక్కడిదాకా తగిలింది. 2025 అక్టోబర్‌లో నెక్స్‌పీరియా అనే చిప్పుల కంపెనీ సరుకును చైనా ఆపేస్తే, చిల్లర డయోడ్లు, ట్రాన్సిస్టర్ల కోసం మెక్సికోలో హోండా లైనే ఆగింది. ఉన్న సరుకు ముందు పెద్దవాళ్లకు వెళ్తుంది. వందా రెండొందలు కొనే మనం బ్రోకర్ల చేతిలో పడతాం.

కొనేటప్పుడు

అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గర స్టాకు లేకపోతే ఎప్పుడొస్తుందో రాతపూర్వకంగా అడగండి. బయట కొనక తప్పకపోతే ముందు 20 ఐసీలే తెప్పించండి. ఐసీ మీద డేట్ కోడ్ చూడండి: 2143 అంటే 2021లో 43వ వారం. ఒకే రీలులో (ఐసీలు వచ్చే టేపు చుట్టలో) నాలుగు రకాల కోడ్‌లుంటే అది ఏరుకొచ్చిన సరుకు. అసిటోన్‌తో తుడిస్తే కొన్నిటికి పైరంగు ఊడొస్తుంది, ఊడకపోతే అసలుదని మాత్రం కాదు. మైక్రోకంట్రోలర్ అయితే ప్రోగ్రామర్ పరికరం తగిలించి చిప్పు లోపలి ఐడీ చదవండి.

ఎక్కించేటప్పుడు

అసలు మాట ఇది. పది బోర్డులకు ఎక్కించండి, వారం నడపండి, అప్పుడే మిగతావి. ఐదు నిమిషాలు బల్బు వెలిగిందని లాటంతా ఎక్కించినవాళ్లే మునిగారు. 0 నుంచి 70 డిగ్రీలకు చేసిన ఐసీ మీద మైనస్ 40 నుంచి పనిచేసేదని ముద్ర కొట్టి అమ్ముతారు. మన బెంచి మీద 32 డిగ్రీలుంటే ఆ తేడా ఎలా తెలుస్తుంది? ఆ పదింటిలో కొన్ని ఫ్రీజర్‌లో పెట్టండి, కొన్ని ఎండలో రేకు డబ్బాలో పెట్టండి. పక్క షెడ్డాయనకు ఇవన్నీ తెలుసు, అయినా ఆగలేదు. "పార్టీ రోజూ ఫోన్లు, టెన్షన్ అండీ" అన్నాడు.

ఇంకొన్ని:

పూర్తి అడ్వాన్స్ పంపొద్దు. వాట్సాప్ ఫోటో చూసి అసలే పంపొద్దు.

జీఎస్టీ బిల్లు లేని సరుకు వద్దు.

వాక్యూమ్ కవరు విప్పాక తేమ పడుతుంది. కవరు మీద ఎంఎస్ఎల్ 3 (తేమకు ఎంత సున్నితమో చెప్పే అంకె) అని ఉంటే బోర్డుకు ఎక్కించడానికి 168 గంటలే గడువు, అదీ 30 డిగ్రీలు, 60 శాతం తేమ లోపల. కృష్ణ ఒడ్డున అంత పొడి గాలి ఎక్కడిది? తేమ పట్టిన ఐసీ రీఫ్లో ఓవెన్‌లో (టంకం కరిగించే ఓవెన్‌లో) పగులుతుంది. తేమ పోయేలా బేక్ చేస్తానని ప్లాస్టిక్ రీలును 125 డిగ్రీల్లో పెట్టకండి, కరుగుతుంది.

ఆగిన లైనుకు కంగారుపడి ముగ్గురి దగ్గర ఒకే ఐసీ ఆర్డర్ పెట్టొద్దు. కొరత తీరాక మూడూ వచ్చి పడతాయి, రేటు పడిపోయి ఉంటుంది.

కొత్త బోర్డు గీయిస్తుంటే రెండు రకాల ఐసీలు కూర్చునేలా గీయించండి.

క్లోన్ (అసలు ఐసీ లాగే వేరే కంపెనీ చేసినది) వాడితే క్లోన్ అని పార్టీకి చెప్పండి. క్లోన్ చెడ్డదని కాదు, దొంగపేరుతో వచ్చిందే చెడ్డది.

పది బోర్డులు. వారం.

కొటేషన్ గడువు ఏడు రోజులకు మించనివ్వకండి.

డెలివరీ తేదీ అడిగితే బోర్డులు నడిపి చూసే ఆ వారాన్ని కూడా కలిపి చెప్పండి.