బెయిలుకి ముందు వేళ్లు మడిచి రోజులు లెక్కెట్టండి

విశాఖ జిల్లా కోర్టులో ఇరవై ఏళ్లుగా వకీలు గుమాస్తాని. హత్య కేసులో కొడుకు లోపలికెళ్లిన తల్లి మా బల్ల దగ్గర మొదట అనే మాట ఒకటే: "మా వోడు అలాంటోడు కాదు బాబూ."

అమ్మా, ఆ మాట విచారణ రోజుకి దాచుకోండి. బెయిలు దగ్గర తప్పు చేశాడా లేదా అన్నది తేల్చరు. వదిలితే పారిపోతాడా, సాక్షుల్ని బెదిరిస్తాడా, మళ్లీ ఇదే పని చేస్తాడా, నేరం ఎంత పెద్దది, పైకి కనిపిస్తున్న ఆధారం ఎంత, ఇవీ జడ్జిగారు చూసేవి. అందుకే ఇంటి పన్ను రశీదు, రేషన్ కార్డు, పిల్లల స్కూలు కాగితాలు తెండి. ఊళ్లో పాతుకుపోయిన మనిషని అవే చెప్తాయి. జబ్బుంటే కేజీహెచ్ ఆసుపత్రి చీటీలు. పాత కేసులుంటే వకీలు దగ్గర దాచకండి, పీపీ (ప్రభుత్వ వకీలు) గారి ఫైల్లో అవి ఎలాగూ ఉంటాయి.

మరణశిక్షో యావజ్జీవమో పడే కేసైతే, ఆడవాళ్లు, పిల్లలు, జబ్బుమనుషులు తప్ప మిగతావాళ్లు మేజిస్ట్రేట్ మీద ఆశ పెట్టుకోకండి. సెషన్స్ కోర్టులో కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 483వ సెక్షన్ కింద బెయిలు పిటిషన్ వేస్తాం. 2024 జూలై దాకా, పాత సీఆర్పీసీలో అది 439, నా నోటికి ఇప్పటికీ అదే వస్తుంది. అక్కడ కొట్టేస్తే అమరావతి హైకోర్టే.

గంజాయి కేసులది వేరే లోకం. పాడేరు, చింతపల్లి వైపు నుంచి దిగిన సరుకు ఇరవై కిలోలు దాటిందంటే మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 37వ సెక్షన్ అడ్డం పడుతుంది. పీపీ వద్దంటే, ఇతను దోషి కాదనుకోవడానికి తగిన కారణాలున్నాయనీ, బయట మళ్లీ నేరం చెయ్యడనీ జడ్జికి నమ్మకం కుదరాలి. రేషన్ కార్డు అక్కడ పనిచెయ్యదు, తూకం పనిచేస్తుంది. చట్టంలో గంజాయి అంటే పూత, కాయ పట్టిన కొసలు. కొసలు లేని వట్టి ఆకు, గింజ లెక్కలోకి రావు. ఇరవై రెండు కిలోలని రాసిన పంచనామాలో ఏమేం కలిపి తూచారో చదవమని వకీలుని అడగండి. అడిగితే విసుక్కుంటారు, అయినా అడగండి.

అన్నిటికంటే ముఖ్యం రిమాండ్ తేదీ, అంటే కోర్టు కస్టడీకి పంపిన రోజు. అక్కణ్నుంచే పోలీసులు ఛార్జిషీట్ వెయ్యడానికి గడువు నడుస్తుంది. మరణశిక్షో, యావజ్జీవమో, పదేళ్లకి తగ్గని శిక్షో ఉన్న నేరాలకి తొంభై రోజులు, మిగతావాటికి అరవై. పెద్ద తూకం గంజాయికి నూట ఎనభై, కోర్టు ఒప్పుకుంటే ఏడాది దాకా. రిమాండ్ చేసిన రోజుని కూడా కలిపి లెక్కెట్టాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. గడువులోపు ఛార్జిషీట్ రాకపోతే బెయిలు హక్కు, నేరం ఎంతటిదైనా సరే. కానీ అడిగినవాడికే. మా ఆఫీసులో ఒకసారి తొంభై ఒకటో రోజు పిటిషన్ టైపు చేస్తూ టీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఛార్జిషీట్ పడిపోయింది. ఆ తల్లికి ఏం చెప్పానో ఇక్కడ రాయలేను.

వకీలుకి డబ్బు లేకపోతే కోర్టులోనే న్యాయసేవాధికార సంస్థ ఉంది. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయం చూడకుండా వకీలుని ఇస్తారు. జామీనుదారులు వేరే జిల్లావాళ్లన్న ఒక్క కారణంతో కాదంటే, సుప్రీంకోర్టు 1978 మోతీరామ్ తీర్పు గుర్తుచెయ్యమని వకీలుకి చెప్పండి, ఆ కారణం చెల్లదని అందులో ఉంది.

బెయిలొచ్చిందని అప్పుడే స్వీట్లు పంచకండి. పూచీకత్తు కాగితాలు సరిచూసి, ఆర్డరు అడవివరం జైలుకి చేరాలి. పొద్దుపోతే ఆ రాత్రి లోపలే. వచ్చాక స్టేషన్‌లో వారం వారం సంతకం పెట్టమంటే, పెళ్లున్నా మానకూడదు.