రోజూ నడిపే కారుతోనే ఆటోక్రాస్: రాయగడ, కొరాపుట్ వైపు కొత్తవారికి

ఆటోక్రాస్ అంటే మైదానంలోనో, ఖాళీగా ఉన్న తారు నేలమీదనో ప్లాస్టిక్ కోన్లతో మెలికల దారి ఏర్పరచి, సాధారణంగా ఒక్కొక్క కారునే విడిగా వదిలి, ఆ దారిని ఎంత సమయంలో ముగించిందో లెక్కగట్టే పోటీ. ఒక చుట్టు ఒక నిమిషం అటూ ఇటూగా ముగుస్తుంది. చిన్న కారుకు చాలావరకు రెండో గేరే సరిపోతుంది. అందువల్ల పార్వతీపురానికో, విశాఖకో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వెళ్లే స్విఫ్ట్, ఐ10 వంటి బండి మొదటి ఏడాదికి పూర్తిగా చాలు. మన వైపు ఇళ్లలో ఎక్కువగా కనిపించే బొలెరో వంటి ఎత్తైన బండిని మాత్రం దీనికి దించకూడదు. ఒక్కసారిగా అటు తిప్పి ఇటు తిప్పే మలుపుల్లో అది పల్టీ కొట్టే ప్రమాదం ఎక్కువ.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది చట్టం. సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్ ఎక్కే ఘాట్ రోడ్డు ఎంత ఊరించినా అది సాధనకు చోటు కాదు. బహిరంగ ప్రదేశంలో అనుమతి లేకుండా పందెం వేసినా, వేగపరీక్ష చేసినా 1988 మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద జరిమానాతో పాటు జైలుశిక్ష కూడా పడవచ్చు. కారు పాలసీ కాగితంలో వాడకపు పరిమితులు అన్న భాగాన్ని ఒకసారి చదివితే, ఏర్పాటు చేసిన పందేలు, వేగపరీక్షలు బీమా పరిధిలోకి రావని స్పష్టంగా కనిపిస్తుంది. అంటే పోటీలో బంపర్ పగిలినా, ఇంజిన్ అడుగు చితికినా ఖర్చు మన జేబులోదే. ఇంకా నెలవాయిదాలు కడుతున్న కారును తీసుకెళ్లాలా వద్దా అన్నది ఈ లెక్క చూసుకున్న తరువాతే, ఇంట్లో వాళ్లకు చెప్పి మరీ, తేల్చుకోవాలి.

మన దేశంలో మోటారు క్రీడలను ఎఫ్‌ఎంఎస్‌సీఐ అనే జాతీయ సమాఖ్య నియంత్రిస్తుంది. దాని గుర్తింపుతో జరిగే పోటీలో దిగాలంటే ఆ సమాఖ్య ఇచ్చే పోటీ లైసెన్సు ఉండాలి. మామూలు డ్రైవింగ్ లైసెన్సు దానికి బదులు కాదు. ప్రతి పోటీకీ నిర్వాహకులు విడిగా నిబంధనల పత్రం విడుదల చేస్తారు. ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టి తరగతులు, హెల్మెట్‌పై ఉండవలసిన ముద్ర, రోల్ కేజ్ (పల్టీ కొట్టినా పైకప్పు నలగకుండా కారు లోపల బిగించే ఇనుప చట్రం) తప్పనిసరా కాదా, కోను పడితే ఎన్ని సెకన్లు కలుపుతారు అన్నవన్నీ అందులోనే ఉంటాయి. అమెరికాలోని ఎస్‌సీసీఏ అనే కార్ల క్రీడా సంఘం పోటీల్లో ఒక్కో కోనుకు 2 సెకన్లు కలుపుతారు. ఇక్కడ ఆ పత్రంలో ఉన్నదే లెక్క. దాన్ని చదవకుండా హెల్మెట్ కొనడం డబ్బు దండగ. వీలైతే మొదటి పోటీకి కారు లేకుండా, పడిన కోన్లను నిలబెట్టే సహాయకుడిగా వెళ్లడం మేలు. మలుపు పక్కన ఒక పూట నిలబడి చూస్తే, గంభీరంగా శబ్దం చేసిన కారు వేరనీ, తక్కువ సమయంలో ముగించిన కారు వేరనీ కళ్లారా తెలుస్తుంది.

కారుకు కొత్త హంగులేవీ అక్కరలేదు. సైలెన్సర్ మార్చడం, స్ప్రింగులు కోయించడం వంటివి వేగాన్ని పెంచకపోగా, కంపెనీ ఇచ్చిన రూపం నుంచి బండిని మార్చరాదన్న అదే చట్టం 52వ సెక్షన్ కింద కొత్త తలనొప్పి తెస్తాయి. ఆ డబ్బును బ్రేకుల మీద, టైర్ల మీద పెట్టాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకుండా ఉంటుంది గానీ, తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీల దాకా పడిపోవచ్చు. అది మరిగితే పెడల్ మెత్తబడి బ్రేకు అందదు. మార్చి రెండేళ్లు దాటితే మేస్త్రీ చేత మార్పించుకుని, బ్రేక్ ప్యాడ్ల మందం కూడా చూపించుకోవాలి.

తారు నేల మీద టైరు గాలి సంగతి తేల్చడానికి ఒక సుద్దముక్క చాలు. పరుగుకు ముందు నాలుగు టైర్లకూ అంచు మీద, అంటే నేలను తాకే పట్టీ ముగిసి పక్కగోడ మొదలయ్యే చోట, అడ్డంగా మందపాటి గీత గీయాలి. చాలా టైర్ల పక్కగోడ మీద చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. చుట్టు ముగిశాక సుద్ద ఆ గుర్తును దాటి చెరిగిపోతే గాలి తక్కువై టైరు మడతపడుతోందని, గుర్తుకు చాలా ఎగువనే చెరగడం ఆగిపోతే గాలి ఎక్కువైందని అర్థం. డోరు పక్కన అంటించిన కాగితంలోని అంకెతో మొదలుపెట్టి, ముందు టైర్లలో రెండేసి పాయింట్లు (పీఎస్ఐ) మారుస్తూ, టైరు పక్కగోడ మీద అచ్చువేసిన గరిష్ఠ హద్దు దాటకుండా చూసుకోవాలి. ఎండకూ పరుగుకూ టైరు వేడెక్కి గాలి దానంతటదే పెరుగుతుంది కాబట్టి ప్రతి చుట్టు తరువాతా కొలవాలి.

పరుగుకు ముందు కారులో కదిలే వస్తువు ఒక్కటీ ఉండకూడదు. స్టెప్నీ, జాకీ, డిక్కీలోని గొడుగు, కాలి కింది మ్యాట్లు, సీటు కిందికి దొర్లిన నీళ్ల సీసా అన్నీ బయట పెట్టాలి. డ్యాష్‌బోర్డు మీద అతికించిన జగన్నాథస్వామి విగ్రహాన్ని కూడా ఆ కాసేపు దండం పెట్టి తీసి సంచిలో ఉంచాలి. మలుపులో ఊడి బ్రేక్ పెడల్ కింద పడితే స్వామి కూడా కాపాడలేడు.

సాధనకు ప్రహరీ ఉన్న ఖాళీ స్థలం కావాలి. స్థల యజమాని నుంచి రాతపూర్వక అనుమతి తీసుకుని, స్థానిక పోలీసు స్టేషన్‌కు తెలియజేసి, మేకలూ పిల్లలూ లోపలికి రాకుండా ఒక మనిషిని కాపలా ఉంచాలి. స్తంభాలకూ గోడలకూ కనీసం 15 మీటర్ల దూరం వదలాలి. ఐదు మెత్తటి కోన్లను 18 మీటర్ల ఎడంలో వరుసగా పెట్టి పాములా తిరగడం, రెండు కోన్ల చుట్టూ ఎనిమిది అంకె వేయడం, 40 కిలోమీటర్ల వేగం నుంచి గట్టిగా బ్రేకు తొక్కి ఆపడం అనే మూడు పనులు కొన్నాళ్లకు సరిపోతాయి. గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న కారులో పెడల్ పాదం కింద దడదడలాడుతుంది. భయపడి కాలు తీయకూడదు.

పోటీ రోజున అసలు పని కాలినడకతో మొదలవుతుంది. దారిని కనీసం మూడుసార్లు నడవాలి: మొదటిసారి ఆకారం తెలియడానికి, రెండోసారి ఎక్కడ బ్రేకు వేయాలో నిర్ణయించడానికి, మూడోసారి డ్రైవరు కంటి ఎత్తుకు వంగి చూడడానికి. నిలబడి చూసినప్పుడు విడివిడిగా కనిపించిన కోన్లు సీటు ఎత్తు నుంచి చూస్తే ఒకే గుంపుగా కలిసిపోతాయి. దారి తప్పేది సాధారణంగా అక్కడే. తరువాత కళ్లు మూసుకుని మొత్తం దారిని మనసులో నడపగలగాలి.

నడిపేటప్పుడు చూపు ముందున్న కోను మీద కాదు, దాని తరువాతి దాని మీద ఉండాలి. బ్రేకు వేయడం కారు తిన్నగా పోతున్నప్పుడే ముగించి, మలుపులోకి నెమ్మదిగా దిగి, స్టీరింగు తిన్నబడుతున్న కొద్దీ యాక్సిలరేటర్ నొక్కాలి. ముందు చక్రాలు జారి కారు తిన్నగా పోతుంటే కొత్తవారి చేయి స్టీరింగును ఇంకా తిప్పుతుంది. దానివల్ల జారుడు ఎక్కువే అవుతుంది. యాక్సిలరేటర్ కాస్త వదిలి, స్టీరింగును కొద్దిగా వెనక్కి తిప్పితే టైరు మళ్లీ నేలను పట్టుకుంటుంది. ఎర్రజెండా కనిపిస్తే సమయం సంగతి మరచి వెంటనే సురక్షితంగా ఆపాలి.

మన దేశంలో చాలా పోటీలు మట్టి నేల మీదే జరుగుతాయి. వదులు కంకర మీద ఏబీఎస్ ఉన్నా కారు ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. అందుకని బ్రేకు ముందుగానే మొదలుపెట్టాలి. చుట్టు చుట్టుకూ దారిలో చాళ్లు లోతవుతాయి, ఉదయం బాగున్న మార్గం మధ్యాహ్నానికి పనికిరాదు. ఇంజిన్ కింద ఇనుప గార్డు ఉండడం మట్టి నేలకు దాదాపు తప్పనిసరి ఖర్చుగా భావించాలి.

తిరుగు ప్రయాణానికి ముందు చక్రాల నట్లు మళ్లీ బిగించి, స్టెప్నీ, జాకీ ఎక్కించుకుని, టైర్ల గాలిని కంపెనీ చెప్పిన అంకెకు తేవాలి. ఇంటికి వచ్చాక ఎయిర్ ఫిల్టర్‌లోని ఎర్రదుమ్ము దులిపి, ముందు చక్రాల లోపలి రబ్బరు తొడుగులు చిరిగి గ్రీజు కారుతోందేమో టార్చి వేసి చూడాలి. చిరిగితే తొడుగు ఒక్కటే మార్చడంతో పోతుంది, ఆలస్యం చేస్తే యాక్సిల్ జాయింటు మొత్తం మార్చవలసి వస్తుంది.