ఉలి అంచు విరగకుండా, వంగకుండా గట్టిపరచడం ఎలా?

ఇనుము కోసే ఉలి అంచు రెండు దెబ్బలకే మడత పడుతోందంటే దానికి హార్డెనింగ్ సరిగ్గా జరగలేదన్నమాట. గ్యాస్ టార్చ్, అయస్కాంతం, నూనె ఉంటే మీరే చేసుకోవచ్చు. అంచును గట్టిపరచడం తేలికే, అది విరగకుండా చూసుకోవడమే అసలు పని.

ముందు ఉక్కు ఏదో చూసుకోండి. కార్బన్ 0.6 శాతానికి తగ్గకూడదు. కార్బన్ తక్కువుండే మైల్డ్ స్టీల్‌ను ఎంత కాల్చి ముంచినా లాభం లేదు.

లోతైన ఇనుప డబ్బాలో నూనె పోసి సుమారు 50 డిగ్రీలకు వేడి చేయండి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని నెమ్మదిగా లాగుతుంది. ఇనుప మూత పక్కనే ఉండాలి. నూనె అంటుకుంటే మూత వేసేయండి, నీళ్లు మాత్రం పోయకండి. కళ్లద్దాలు, తోలు గ్లౌజులు తప్పనిసరి.

ఇప్పుడు అంచు వైపు ఓ 4 సెంటీమీటర్లు మాత్రమే కాల్చండి. నీడలో చేయండి, ఎండలో ఎరుపు తెలియదు. మధ్యమధ్యలో అయస్కాంతం తాకించండి. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు దానికి అంటుకోదు. అక్కణ్నుంచి ఇంకాస్త ఎరుపెక్కితే చాలు. పసుపు తిరిగేదాకా కాలిస్తే లోపలి రేణువులు పెద్దవై ఉక్కు పెళుసవుతుంది.

వెంటనే నిటారుగా నూనెలో ముంచి పైకీ కిందికీ ఆడించండి. పక్కలకు ఊపితే వంకర పోవచ్చు. చల్లారాక ఆకురాయితో గీకితే పట్టు దొరక్క జారిపోవాలి.

ఇక్కడితో ఆపేస్తే ఉలి గాజులా పగులుతుంది. టెంపరింగ్ (పెళుసుతనం తగ్గేలా మళ్లీ కొద్దిగా వేడి చేయడం) రేపు చేద్దాంలే అనుకోవద్దు, వాడకముందే చీలిక రావచ్చు. అంచును ఎమరీ పేపర్‌తో మెరిసేలా రుద్ది, మంటను దాని వెనక భాగానికి పెట్టండి. వేడి ముందుకు పాకుతుంటే పైన పలచటి ఆక్సైడ్ పొర ఏర్పడి రంగులు వరసగా కదులుతాయి: లేత గడ్డి రంగు, గోధుమ, ఊదా, నీలం. సుమారు 280 డిగ్రీలకు వచ్చే ఊదా అంచును తాకగానే నీళ్లలో ముంచేయండి. నీలం కూడా దాటిపోయిందా, మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.

సుత్తి దెబ్బ పడే తలను మాత్రం ఎప్పుడూ గట్టిపరచకండి. పెచ్చులు లేచి కంట్లో పడతాయి.