మ్యాజిక్ కార్డులు: మొదటి డెక్ కట్టే లెక్క, ముక్కలు పాడవకుండా దాచే పద్ధతి

రమ్మీలో అందరూ ఒకే పేకలోంచి ముక్కలు లాగుతారు. మ్యాజిక్: ద గాదరింగ్‌లో ఎవరి పేక (డెక్) వాళ్లే కట్టుకుని వస్తారు. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణితజ్ఞుడు తయారుచేసిన ఈ ఆటని విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ 1993లో అమెరికాలో విడుదల చేసింది. సగం ఆట బల్ల దగ్గర కూర్చోకముందే, ముక్కలు ఏరుకునేటప్పుడే అయిపోతుంది. కొత్తవాళ్లు ఓడేది అరుదైన ముక్కలు లేక కాదు, ఆ ఏరుకోవడంలో లెక్క తప్పి.

నియమాలు నేర్చుకోవడానికి డబ్బు పెట్టక్కర్లేదు. ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఉచితంగా దొరికే మ్యాజిక్ అరీనాలో మొదటి పాఠాలు పూర్తిచేస్తే చాలు. ముఖ్యమైనవి ఇవీ: ఇద్దరికీ తలా 20 ప్రాణాలు, మొదట చేతికి 7 ముక్కలు, వంతుకి ఒక కొత్త ముక్క, వంతుకి ఒకే ల్యాండ్. ల్యాండ్ అంటే మంత్రాలకి (అంటే మిగతా ముక్కలకి) ఖర్చయ్యే మానా అనే శక్తిని ఇచ్చే ముక్క, ఆ మానా ఐదు రంగుల్లో ఉంటుంది. ఇద్దరే ఆడుతుంటే ముందు మొదలుపెట్టినవాళ్లు మొదటి వంతులో ముక్క తీసుకోరు. ఇది గుర్తుంచుకోండి, కింద లెక్కలో పనికొస్తుంది.

ఏ పద్ధతిలో ఆడాలి

ఒకే ఆటలో చాలా పద్ధతులున్నాయి. నలుగురు కూర్చుని ఆడే కమాండర్‌లో 100 ముక్కల డెక్, ప్రాథమిక ల్యాండ్‌లు (ఒక్కో రంగుకి ఉండే మామూలు ల్యాండ్‌లు) తప్ప ఏ ముక్కా రెండోసారి ఉండకూడదు, 40 ప్రాణాలు. సరదాగా ఉంటుంది కానీ మొదటి డెక్‌గా మంచిది కాదు. వంద రకాల ముక్కలు, వంద రకాల నియమాలు. ఏది ఎందుకు పనిచేసిందో కొత్తవాళ్లకి అంతుపట్టదు. మొదలుపెట్టడానికి పాపర్ మేలు. ఎప్పుడో ఒకప్పుడు కామన్‌గా, అంటే అరుదు కాని మామూలు రకంగా, అచ్చయిన ముక్కలతోనే ఆడాలి. డెక్‌లో కనీసం 60 ముక్కలు, ప్రాథమిక ల్యాండ్‌లు కాక ఏ ముక్కైనా నాలుగుకి మించకూడదు, ఆటకీ ఆటకీ మధ్య మార్చుకోవడానికి పక్కన ఇంకో 15. చౌక అనేది ఒక కారణం మాత్రమే. ఇందులో ఓడితే ముక్క ధర మీద నెట్టేయలేరు, తప్పు ఎక్కడ జరిగిందో వెతకాల్సిందే.

ఎరుపు డెక్ ఒకటి

పేక ఇలా కట్టండి. లైట్నింగ్ బోల్ట్, చెయిన్ లైట్నింగ్, లావా స్పైక్, రిఫ్ట్ బోల్ట్, స్క్యూవర్ ద క్రిటిక్స్, లైట్నింగ్ స్ట్రైక్, సియరింగ్ స్పియర్ నాలుగేసి, మొత్తం 28. బల్లమీద నిలిచి ఉండే జీవులు గీటు లావారన్నర్, థర్మో ఆల్కెమిస్ట్, కెల్డన్ మరాడర్స్ నాలుగేసి, ఇంకో 12. ఫైర్‌బ్లాస్ట్ 2. ఎరుపు మానా ఇచ్చే ప్రాథమిక ల్యాండ్‌లు, అంటే మౌంటెన్‌లు, 18. సరిగ్గా 60.

దీని వెనక లెక్క చిన్నది. మొదటి 28లో ప్రతి ముక్కా 3 ప్రాణాలు తీస్తుంది. 20 తీయడానికి అలాంటివి 7 చాలు, ఒకటి మిగులుతుంది కూడా. ముందు మొదలుపెట్టినవాళ్లు నాలుగో వంతుకి చూసే ముక్కలు 7కి 3 కలిపి 10. అరవైలో 18 ల్యాండ్‌లుంటే ఆ పదిలో సగటున 3 ల్యాండ్‌లు, 7 మంత్రాలు. మూడు మౌంటెన్‌లతో నాలుగు వంతుల్లో ఒకటి, రెండు, మూడు, మళ్లీ మూడు కలిపి 9 మానా. ఒక్కో మానా మంత్రాలు ఏడు వేసినా రెండు మిగులుతుంది. డెక్‌లో రెండు మానా మంత్రాలు ఎక్కువైతే ఈ లెక్క వెంటనే తప్పుతుంది. అందుకే ఇందులో అవి ఒక్క మానావాటికంటే తక్కువ.

సగటు సగటే. ఏడు ముక్కల చేతిలో 18 ల్యాండ్‌ల డెక్ వందకి 31 సార్లు సున్నా గానీ ఒక్క ల్యాండ్ గానీ ఇస్తుంది. 20 పెడితే అది 25కి, 24 పెడితే 14కి దిగుతుంది. మరి అందరూ 24 పెట్టుకోవచ్చుగా? ల్యాండ్ పెరిగిన ప్రతిసారీ ఒక మంత్రం తగ్గుతుంది. అప్పుడు పది ముక్కల్లో ఏడు మంత్రాలు రావు. ఎక్కువ మానా అడిగే డెక్‌కి 24 సరి, ఒక్క మానాతో నడిచే దీనికి 18. కొత్త చేతికి 18 భయంగా ఉంటే రెండు ఫైర్‌బ్లాస్ట్‌లు తీసేసి 20 మౌంటెన్‌లతో మొదలుపెట్టండి. రెండు రంగుల జోలికి ఇప్పుడే పోవద్దు. ఒక రంగు ఇచ్చే ల్యాండ్‌లు 14 ఉన్నా, ఏడు ముక్కల చేతిలో ఆ రంగు అసలు కనపడని సందర్భాలు వందకి 14 దాకా ఉంటాయి.

చేయి బాగోలేకపోతే ముల్లిగన్ ఉంది. ఏడూ వెనక్కి కలిపి మళ్లీ ఏడు తీసుకుని, ఎన్నిసార్లు మార్చారో అన్ని ముక్కలు డెక్ అడుగున పెట్టాలి. ఈ డెక్‌లో ల్యాండ్ ఒక్కటీ లేకపోయినా, ఐదుకి మించి వచ్చినా మార్చండి. ఒకే ల్యాండ్‌తో నాలుగైదు ఒక్క మానా మంత్రాలుండి, మీరు రెండో ఆటగాడైతే ఉంచుకోవచ్చు. ముందు మొదలుపెట్టేవాళ్లైతే ఉంచుకోకండి.

ఎక్కడ తప్పు జరుగుతుంది

కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు, ఎదుటివాళ్ల ప్రతి జీవిమీదా బోల్ట్ వేసేయడం. జీవిమీద వేసిన ప్రతి మూడు దెబ్బలూ ఎదుటివాళ్ల 20లోంచి తగ్గవు. ఏడు ముక్కల పని ఎనిమిదికి పెరుగుతుంది. ప్రాణాలు పెంచే జీవి అయితేనో, వంతుకి మూడు నాలుగు కొట్టేదయితేనో దాన్ని చంపడం లాభం. మిగతావాటిని వదిలేసి తలమీదే వేయండి. లావా స్పైక్‌తో అయితే జీవిని కొట్టడమే కుదరదు.

రెండోది వరుస. స్క్యూవర్ ద క్రిటిక్స్ మామూలు ఖర్చు మూడు మానా. ఆ వంతులో ఎదుటివాళ్లు ఇప్పటికే ప్రాణం పోగొట్టుకుని ఉంటే ఒక్కటే. కాబట్టి అది ఎప్పుడూ రెండో మంత్రంగా రావాలి. దీనికి మంచి జత రిఫ్ట్ బోల్ట్. ఒక మానా ఇచ్చి పక్కన పెడితే మరుసటి వంతు మొదట్లో తనంతట తనే వచ్చి 3 తీస్తుంది. వెంటనే స్క్యూవర్ ఒక్క మానాకి సిద్ధం. థర్మో ఆల్కెమిస్ట్‌ని పక్కకి తిప్పితే ఒకటి తీస్తుంది, మీరు జీవి కాని మంత్రం వేసిన ప్రతిసారీ మళ్లీ నిటారుగా లేస్తుంది. అందుకే మంత్రం వేసేముందే దాన్ని వాడెయ్యాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. కెల్డన్ మరాడర్స్ రెండో వంతులో దింపితే దిగుతూ ఒకటి, ఒకసారి కొట్టి మూడు, పోతూ ఒకటి, కలిపి 5 తీయగలడు. ఆరో వంతులో దింపితే అడ్డుకునే జీవులు అప్పటికే కాచుకుని ఉంటాయి. అప్పుడు వచ్చేది రెండే.

ఫైర్‌బ్లాస్ట్‌కి రెండు మౌంటెన్‌లు బలిచ్చి ఉచితంగా 4 తీయవచ్చు. ఎదుటివాళ్ల ప్రాణాలు 4 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నప్పుడే దాన్ని బయటికి తీయండి. ఎదుటివాళ్లు నీలం రంగులో మానా దాచుకుని కూర్చుంటే ఫైర్‌బ్లాస్ట్ అడ్డుకోబడి మీ రెండు మౌంటెన్‌లూ పోతాయి. ముందు మామూలు బోల్ట్ వేసి ఆ అడ్డు ఖర్చు చేయించండి.

కలపడం, కవర్లు

పేకాటలో చేయి తిరిగినవాళ్లకి కలపడం నేర్పక్కర్లేదు, కానీ ఇక్కడ ముక్కలు కవర్లలో ఉంటాయి. సగం చేసి, పొడవు అంచులు ఆనించి, ఒకదానిలోకి ఒకటి మెల్లగా దూర్చండి. కనీసం ఏడుసార్లు. తర్వాత ఎదుటివాళ్లకి కట్ ఇవ్వండి. కుప్పలుగా పంచి పేర్చడం లెక్కపెట్టుకోవడానికే తప్ప, కలిపినట్టు కాదు. రెండు మంత్రాలకి ఒక ల్యాండ్ చొప్పున చేత్తో పేర్చి, పైపైన రెండుసార్లు కలపడం మాత్రం మోసం కిందకే వస్తుంది. ఎదుటివాళ్లు న్యాయనిర్ణేతని పిలుస్తారు.

ముక్క కొలత 63 బై 88 మిల్లీమీటర్లు. బయటి కవర్ 66 బై 91, లోపలి కవర్ 64 బై 89 సరిపోతాయి. యుగియో కోసం చేసే 62 బై 89 కవర్లు దుకాణాల్లో పక్కపక్కనే ఉంటాయి. వాటిలో ఈ ముక్క పట్టదు. రెండు కవర్లు తొడిగేటప్పుడు ముందు ముక్కని లోపలి కవర్‌లో నోరు కిందికి ఉండేలా పెట్టి, దాన్ని బయటి కవర్‌లోకి పైనుంచి దించండి. రెండు నోళ్లూ ఎదురెదురు దిక్కుల్లో ఉంటే దుమ్ము, చెమట లోపలికి పోవు. గాలి మిగలకుండా వేలితో ఒత్తండి. లేకపోతే డెక్ ఉబ్బి పెట్టెలో పట్టదు.

ఆడే డెక్‌కి 60, పక్క ముక్కలకి 15, చిరిగితే మార్చుకోవడానికి ఓ 20 కవర్లు ఒకే సారి, ఒకే ప్యాకింగ్ నుంచి కొనండి. తర్వాత తెచ్చిన కవర్ రంగు కాస్త తేడా ఉన్నా, మూల కాస్త నలిగినా ఆ ముక్క ఏదో వెనకనుంచే తెలిసిపోతుంది. దీన్ని గుర్తుపెట్టిన ముక్క అంటారు, పోటీలో శిక్ష పడుతుంది. ఇదే కారణంతో వంగిన మెరుపు (ఫాయిల్) ముక్కల్ని మామూలు ముక్కలతో కలపకూడదు. కట్ చేసిన ప్రతిసారీ పేక అక్కడే తెరుచుకుంటుంది.

కొనడం, నకిలీ పట్టుకోవడం

ఆడటానికి ప్యాకులు (లోపల ఏ ముక్కలున్నాయో ముందు తెలియనివి) కొనకండి. ఇప్పటి మామూలు ప్యాకులో 14 ముక్కలుంటాయి. వందల రకాల్లోంచి మీకు కావాల్సిన కామన్ నాలుగుసార్లు రావాలంటే ఎన్ని తెరవాలో ఆలోచించండి. విడి ముక్కలు కొంటే పై డెక్ మొత్తం కొద్ది ప్యాకుల ఖర్చులో అయిపోతుంది. మన దేశంలో తెప్పించుకుంటే దిగుమతి ఖర్చు కూడా కలుస్తుంది కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి ఒకేసారి తెప్పించుకోవడం మేలు. ప్యాకు తెరిచే సరదా వేరే సంగతి. ఆ డబ్బుని సినిమా టికెట్ ఖర్చులా వేరుగా రాసుకోండి.

ఖరీదైన ముక్క కొనేముందు, అదే సెట్‌లోని (ఒకేసారి విడుదలైన గుంపులోని) చవక ముక్క ఒకటి పక్కన పెట్టి పోల్చండి. పదిరెట్లు పెంచే భూతద్దంలో అసలు ముక్క బొమ్మ పువ్వుల్లా గుండ్రంగా అమరిన చుక్కలుగా కనిపిస్తుంది, పేరులోని నల్ల అక్షరాలు మాత్రం గట్టి నలుపుగా, చుక్కలు లేకుండా ఉంటాయి. అక్షరాలు కూడా చుక్కలుగా ఉంటే అనుమానించండి. వెనక వైపు ఐదు రంగుల వృత్తాల్లో ఆకుపచ్చదాన్ని 30 రెట్లకి పైబడిన భూతద్దంలో చూస్తే, కోణం ఆకారంలో నాలుగు ఎర్ర చుక్కలు కనపడాలి. 2014 నుంచి వచ్చిన అరుదైన ముక్కల్లో చాలావాటికి అడుగున మధ్యలో కోలగా మెరిసే ముద్ర ఉంటుంది, దానికంటే పాతవాటికి ఉండదు. ముక్కని వంచి చూసే పరీక్ష కొందరు చెబుతారు. వినకండి, అసలుదైనా పాడవుతుంది.

కొన్ని పాత ముక్కల్ని ఇక మళ్లీ అచ్చు వేయబోమని కంపెనీ 1996లో మాట ఇచ్చింది. దాన్నే రిజర్వ్‌డ్ లిస్ట్ అంటారు. అందులో లేని ముక్క ఏదైనా రేపు మళ్లీ అచ్చయి ధర పడిపోవచ్చు. దాచుకోవడానికి కొనేటప్పుడు ముందు ఇది చూసుకోండి.

తేమ

విశాఖ, కాకినాడ లాంటి తీరంలో ముక్కలకి అసలు శత్రువు దొంగ కాదు, గాలి. మెరుపు ముక్కలో ముందు వైపు రేకు పొర ఉంటుంది, వెనక కాగితం. తేమలో కాగితం ఉబ్బుతుంది, రేకు ఉబ్బదు. ముక్క బొమ్మవైపుకి గిన్నెలా లోపలికి వంగుతుంది. హైదరాబాద్ ఏప్రిల్ ఎండల్లో కాగితం ఎండి కుంచించుకుంటే ఇటునుంచి అటు వంగుతుంది. రెండింటికీ మందు ఒకటే: మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ చూపే చిన్న మీటర్, 45 నుంచి 50 శాతం మధ్య నిలపడం. సిలికా జెల్ ఎక్కువ వేస్తే ఎండిపోయి వ్యతిరేక దిశలో వంగుతుంది, కాబట్టి మీటర్ చూస్తూ ఒక్కో సంచీ తీస్తూ వేస్తూ సర్దాలి. 49 శాతం దగ్గర నిలబెట్టే, తేమని పీల్చడమూ వదలడమూ రెండూ చేసే సంచులు దొరికితే ఆ తిప్పలుండవు. వంగిన ముక్కని పుస్తకాల కింద అణిచినంత మాత్రాన సరికాదు, తీసిన రెండో రోజే మళ్లీ వంగుతుంది. డబ్బాలో కొన్ని రోజులు ఉంచితే తనంతట తనే చాలావరకు సర్దుకుంటుంది. ఇస్త్రీ పెట్టె జోలికి పోకండి.

బీరువాలో పెట్టేవాళ్లు కలరా ఉండలు అక్కడినుంచి తీసేయండి, ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. బీరువాని వాననీరు దిగే గోడకి ఆనించవద్దు. ఆల్బమ్ కొంటే పక్కనుంచి దూర్చే తొమ్మిది జేబుల పేజీలున్నదీ, పీవీసీ లేనిదీ తీసుకోండి. 20 పేజీలకి రెండువైపులా కలిపి 360 ముక్కలు పడతాయి. గుండ్రటి రింగుల ఫైలు అయితే మొదటి పేజీల ముక్కల మీద రింగు అచ్చు పడుతుంది.

చివరగా ఒక పట్టిక రాసుకోండి. ముక్క పేరు, సెట్, అడుగున ఎడమవైపున్న సంఖ్య, మెరుపా కాదా, భాష, స్థితి, కొన్న తేదీ, ధర. స్థితిని కొత్తదానిలా, కాస్త వాడినది, బాగా వాడినది, పాడైనది అని నాలుగు మాటల్లో తేల్చండి. సందేహం ఉంటే ఒక మెట్టు కిందికే వేయండి. అమ్మేటప్పుడు అవతలివాళ్లు చూసేది మూలల తెల్లదనం, కిటికీ వెలుతురులో ముక్క వంచి పట్టుకుంటే కనపడే గీతలు.